అత్త గురిగిలో మోత్కూరు తోడు

"గిది మా అమ్మ పెరుగేనా?"

"మీ అమ్మదే. తిను."

నాకూ మా ఆయనకూ మధ్య చివరగా నడిచిన మాటలు ఇవే. మధ్యాహ్నం పూట. ఆయన పీట మీద కూర్చుని, జొన్నరొట్టె ముక్కను పెరుగులో ముంచుతూ అడిగాడు. నేను పొయ్యి దగ్గరి నుంచి తల తిప్పకుండానే జవాబిచ్చాను. తిని, చెయ్యి కడుక్కుని, మగ్గం గుంటలో దిగాడు. పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె చప్పుడు కాసేపు వినపడింది. తర్వాత ఆగింది. దారం తెగింది కాబోలు, అతుక్కుంటున్నాడు అనుకున్నాను. రాట్నం దగ్గర రెండు కండెలకు నూలు చుట్టేదాకా అట్లాగే అనుకుంటూ కూర్చున్నాను. లేచి వెళ్లి చూసేసరికి నేస్తున్న చీర మీదే తల వాల్చి ఉన్నాడు. గుండె ఆగిపోయిందని తర్వాత డాక్టరు చెప్పాడు.

ఆ మాటల్లో ఒకటి అబద్ధం. అది నాది. ఆయన తిన్న పెరుగు వాళ్ల అమ్మ తోడుది కాదు, మా అమ్మ తోడుది. ఆ సంగతి పెండ్లయిన రెండో ఏడు నుంచి ఆయన పోయేదాకా దాచిపెట్టాను. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. అందుకని మా చెల్లె బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్తున్నాను, ఆ పిల్ల రాస్తున్నది. ఎక్కడా తియ్యగా మార్చొద్దని ముందే చెప్పాను.

మా పుట్టిల్లు మోత్కూరు దగ్గర పల్లె. మగ్గం నేసే ఇల్లు. పందొమ్మిది వందల ఎనభై దాటిన రెండో మూడో ఏట నన్ను నారాయణపేటలో ఇచ్చారు. అదీ మగ్గం ఇల్లే కానీ, మా ఊరి నుంచి అక్కడికి పోవాలంటే పొద్దున బయలుదేరి మూడు బస్సులు మారాలి, దీపాల వేళకు దిగాలి. నన్ను పంపే ముందు మా అమ్మ అరచేయంత తెల్లని నూలుగుడ్డ తీసుకుని మా ఇంటి గడ్డపెరుగులో ముంచి నీడన ఆరేసింది. ఆరినాక మళ్లీ ముంచింది. అట్లా మూడుసార్లు. ఆ గుడ్డ అప్పడంలా బిరుసెక్కింది. దాన్ని మడిచి నా పెట్టెలో చీరల అడుగున పెట్టింది.

"ఊరు మారితె నీళ్లు మారుతయి, బిడ్డా. కడుపు మొండికేస్తది. గీ గుడ్డల పీలికంత చింపి గోరువెచ్చని పాలల్ల ఎయ్యి. మొదటిసారి సాగుతది, చెంచాడు ఉంచుకొని పారపొయ్యి. మూడోసారికి మన ఇంటి పెరుగైతది" అన్నది.

నేను ఆ మాట నమ్మి పోయాను. అత్తగారింట్లో వంటింటి మూల ఉట్టి మీద ఒక గురిగి వేలాడుతూ ఉండేది. నల్లటి మట్టి గురిగి, పాతది. అత్త కోడలిగా వచ్చిననాడు ఆమె అత్త చేతి నుంచి తీసుకున్న తోడు అందులో నడుస్తున్నది. రోజూ సాయంత్రం పాలు కాచి, చల్లార్చి, నిన్నటి పెరుగు ఒక చెంచా వేసేది. ఆ తోడు ఎవరికీ ఇచ్చేది కాదు, ఎవరి దగ్గరా తీసుకునేది కాదు. వాడ ఆడవాళ్ల ముందు చెప్పుకునేది కూడా అదే. "నా గురిగిల ఇంకో ఇంటి చుక్క వడలే" అనేది.

ఆమె పట్టుదలకు కారణం ఆమె కొడుకు కడుపు. మా ఆయన రోగిష్టి కాదు. ఎత్తుగా, గట్టిగా ఉండేవాడు, ఒక్కనాడూ జ్వరమని పడుకోలేదు. కానీ గుంట మగ్గం పని తెలిసినవాళ్లకు తెలుసు. కాళ్లు గుంటలో వేలాడేసి, నడుము వంచి, పొట్ట మడతపెట్టుకుని పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కూర్చోవాలి. పొద్దున కడుపు సాఫ్ కాకపోతే ఆ రోజు కాళ్లు తొక్కవు, చెయ్యి సాగదు. మా ఆయనకు నెలకోసారి కడుపు బిగుసుకునేది. అత్త ఆముదం పట్టేది. ఆముదం తాగిననాడు మగ్గం బంద్.

నేను వచ్చిన నెలకు నా పెట్టెలోని గుడ్డ గుర్తొచ్చింది. అత్త వాగుకు బట్టలు ఉతకడానికి పోయినప్పుడల్లా చిన్న గిన్నెలో పాలు దాచి, పీలిక వేసి, మా అమ్మ చెప్పినట్టే మూడుసార్లు తోడుపెట్టాను. పెరుగు కమ్మగా వచ్చింది. మా ఇంటి పెరుగు తిని చూడమని మురిపెంగా ఆయన కంచంలో వేశాను. ఆ సాయంత్రం నుంచే ఆయనకు విరేచనాలు పట్టుకున్నాయి. రెండు రోజులు లేవలేదు. ముందునాడు వాడలో ఎవరిదో పెండ్లి విందులో ఆయన మాంసం కూర మూడు మార్లు అడిగి వేయించుకున్నాడు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, కొత్త కోడలిని.

అత్త ఆ గిన్నెను ఎత్తి ఇంటి ముందర బండ మీద కొట్టింది. వాడంతా చూస్తుండగా నాతో అన్నది.

"ఓ మోత్కూరుదానా, ఇను. నీ తల్లిగారి పులుపు నా ఇంట్ల వద్దు. ఇంకోపారి నా కొడుకు కడుపు కదిలిందా, నీ పెట్టె సదురుకో. బస్సు కిరాయి నేనే ఇస్త."

ఊరికే బెదిరించిందని అనుకోవద్దు. మా వాడలోనే రెండు ఇండ్ల అవతల ఒక కోడలిని అట్లాగే పెట్టెతో సహా పంపేశారు, మళ్లీ పిలవలేదు. మా అమ్మకు మొగుడు లేడు, ఇంకా ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు. నేను తిరిగిపోతే వాళ్ల పెండ్లిండ్లు ఆగుతాయి. మిగిలిన గుడ్డను దిండులో దూదిలోకి తోసి కుట్టేశాను. అప్పటి నుంచి ఆ ఇంట్లో నా చోటు మా ఆయన కడుపు మీద ఆధారపడి ఉన్నదని నాకు తెలుసు.

మరుసటి ఏడు ఎండాకాలంలో అత్త తమ్ముడు చనిపోయాడని కబురొచ్చింది. ఊరు గుల్బర్గా దిక్కు. దినాలు అయ్యేదాకా అక్కడే ఉండాలి. పోతూ పోతూ ఉట్టి కింద నిలబడి, నన్ను దగ్గరికి పిలిచి, గురిగి చూపించింది.

"పదకొండు రోజులు. ఒక్క పూట తప్పినా ఎండకు సస్తది. నువ్వు తప్ప ఎవలు ముట్టద్దు. తెలిసిందా?"

"తెలిసింది అత్తా."

"తెలిసింది అనుడు గాదు. నా చేతుల పెట్టినట్టె పెట్టాలె."

రెండు రోజులు పెట్టాను. మూడో రోజు పొద్దున నాకు నెలసరి వచ్చింది.

ఆ ఇంట్లో నాలుగు రోజులు వంటింటి గడప తొక్కకూడదు. పెరుగు గురిగి నీడ కూడా మీద పడకూడదు. అత్త ఉన్నప్పుడు ఆమె చేసుకునేది. ఇప్పుడు ఆమె లేదు. నెలసరిలో గురిగి ముట్టొద్దన్నది ఆమె పెట్టిన కట్టడే, నేను తప్ప ఎవరూ ముట్టొద్దన్నదీ ఆమె పెట్టిన కట్టడే. రెంటి మధ్య నేను వెనక పంచలో చాప మీద కూర్చున్నాను. పక్కింటి ముసలామె రొట్టెలు చేసి ఇచ్చిపోయేది. ఆయన బర్రె పాలు పిండి బజారులో చాయ హోటలుకు పోసి వచ్చేవాడు.

మొదటి సాయంత్రమే ఆయన పంచలోకి వచ్చి నిలబడ్డాడు.

"తోడు నేనేస్త. ఏమైతది? చెంచాడు ఏసి కలుపుడే గద."

"వద్దు. అత్తకు తెలిస్తె నన్ను పంపుతది."

"ఎవలు చెప్తరు?"

"ఉట్టి చెప్తది. ఆమెకు వాసనతోనే తెలుస్తది. నువ్వు ముట్టకు, నీ కాళ్లు మొక్కుత."

ఆయన కొంచెంసేపు నిలబడి మగ్గం దగ్గరికి పోయాడు. అప్పుడు ఊ అని ఉంటే అయిపోయేది. ఒక్క చెంచా పని. భయపడి, చెప్పినమాట చెప్పినట్టు విన్నాను. ఆ వినడంతోనే గురిగిని చంపాను.

అయిదో రోజు పొద్దున తలంటు పోసుకుని, తడి జుట్టుతోనే వంటింట్లోకి ఉరికాను. ఉట్టి దించి మూత తీశాను. పైన ఎర్రగా, నల్లగా బూజు. కింద పచ్చని నీళ్లు. వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. అడుగు నుంచి మంచిగా ఉందనుకున్న చెంచాడు తీసి పాలల్లో వేసి చూశాను. సాయంత్రానికి పాలు విరిగి కంపు కొట్టాయి. ఆ తోడు చచ్చిపోయింది. ఇద్దరు అత్తల చేతులు దాటి వచ్చింది నా చేతిలో చచ్చిపోయింది.

మగ్గం దగ్గరి నుంచి ఆయన అడిగాడు.

"ఏందే గీ వాసన?"

"ఎలుక సచ్చినట్టున్నది."

"ఊ" అన్నాడు. నాడె మళ్లీ ఆడింది.

వాడలో ఎవరి ఇంట్లో అడిగినా చెంచాడు తోడు ఇస్తారు. కానీ ఇచ్చినామె అత్త వచ్చిన గంటలో వచ్చి చెప్తుంది, నీ కోడలు మా ఇంటి తోడు పట్టుకపోయిందని. దిండు విప్పాను. దూదిలో చెయ్యి పెట్టి గుడ్డ లాగాను. ఏడాది దాటింది. పనిచేస్తుందో లేదో తెలియదు. అత్త వచ్చేందుకు నాలుగు రోజులు ఉన్నాయి. మూడుసార్లు తోడు పెట్టాలి. ఒక్కసారి తప్పినా రోజులు చాలవు.

గురిగిని బూడిదతో తోమాను, వేడినీళ్లు పోశాను. వాసన పోలేదు. ఎండుగడ్డి మంట మీద బోర్లించి పొగపట్టాను. మొదటి పీలిక వేసిన పాలు మరునాటికి జిగురుగా సాగాయి. దాన్ని బర్రె కుడితిలో కలిపి, ఒక చెంచా దాచాను. రెండోసారి కొంచెం గడ్డకట్టింది, నీళ్లు విడిచింది. ఎండకు పులవకుండా తడి ఇసుకలో గురిగిని దిగేసి, పైన తడిగుడ్డ కప్పి, గంటకోసారి వెళ్లి చూశాను. మూడోసారి కత్తితో కోసినట్టు గడ్డపెరుగు వచ్చింది. దాన్ని ఉట్టి మీద పెట్టిన పూటే అత్త బస్సు దిగింది.

కాళ్లు కడుక్కోగానే ఉట్టి దించమన్నది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె మళ్లీ వేలు ముంచింది.

"పులుపు తగ్గింది."

"ఎండలని ఇసుకల పెట్టిన అత్తా."

ఆమె గురిగి అంచు ముక్కు దగ్గర పెట్టుకున్నది. కొడుకును పిలిచి కంచంలో తానే వేసింది. ఆయన తిన్నాడు. నేను ఆయన దవడలు కదలడం చూస్తూ నిలబడ్డాను.

మరునాడు పొద్దున్నుంచి ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లం ఒక్క మనిషి చెంబును లెక్కపెట్టాం. అప్పుడు ఇండ్లల్లో మరుగుదొడ్లు లేవు. చెంబులో నీళ్లు పట్టుకుని చెలకల దిక్కు పోవాలి. ఆయన పొద్దున ఒకసారి పోయి వచ్చాడు. అది రోజూ ఉండేదే. పదిగంటల వేళ ఆయన కడుపులో గుడగుడ శబ్దం నేను కండెలు చుట్టే దగ్గరికి వినపడింది. ఆయన లేచి చెంబు అందుకున్నాడు. నేను లేచాను. వాకిట్లో పప్పు చెరుగుతున్న అత్త కూడా లేచింది.

ఆయన చెంబుతో గడపలోనే ఆగిపోయాడు.

"ఏందే, నేను చెంబు వడితె ఇద్దరు లేస్తాండ్రు? సాగనంపుతరా ఏంది?"

"కడుపు ఎట్లున్నది కొడుకా?" అత్త అడిగింది. నా దిక్కు చూస్తూ అడిగింది.

"మంచిగున్నది. మంచినీళ్లు ఎక్కువ తాగిన."

ఆయన పోయి వచ్చి మళ్లీ కూర్చున్నాడు. మధ్యాహ్నం దాటినాక, జరీ అయిపోయింది, బజారుకు పోయివస్తానని లేచాడు. చెంబు ముట్టలేదు. అత్త మళ్లీ పప్పు ముందు కూర్చున్నది. ఆయన వచ్చేసరికి చాలాసేపు అయింది. ఉత్త చేతులతో వచ్చాడు. దుకాణం మూసి ఉన్నదన్నాడు.

ఆ రెండు రోజులు నేను అన్నం సరిగా తినలేదు. మా అమ్మ ఇంటి ముందు బస్సు దిగుతున్నట్టు, చెల్లెండ్లు నా పెట్టె చూస్తున్నట్టు కండ్ల ముందర కనపడేది. మూడో రోజు గుడగుడ తగ్గింది. నాలుగో రోజు లేదు. పొద్దున చెంబు పట్టుకుని పోయి తొందరగా తిరిగి వచ్చాడు, అంతే. వారం తర్వాత పొట్ట తేలికగా ఉందని తానే అన్నాడు. నెల తిరిగింది, ఆముదం సీసా తీయలేదు. రెండు నెలలు తిరిగాయి. అత్త వాడకట్టు ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని చెప్పింది, నా గురిగి నా కొడుకు కడుపును ఎట్లా నడిపిస్తున్నదో చూడండని. నేను అక్కడే కూర్చుని తల ఊపాను.

నిజం చెప్పాలంటే, అంతా మా అమ్మ పెరుగు మహిమే అని నేను అనలేను. ఆ ఎండాకాలం ఆయన నీళ్లు బాగా తాగాడు, అంబలి తాగాడు. నేను అదే గురిగి పెరుగు తిన్నాను, నా కడుపులో ముందూ లేదు, తర్వాతా లేదు, ఏ మార్పూ తెలియలేదు. అత్తకైతే ఏ పెరుగు తిన్నా ఉబ్బరమే, పలుచని చల్ల మాత్రం పడేది. కానీ ఒక సంగతి నేను కండ్లతో చూశాను. తర్వాతి ఏడు బర్రె ఎండిపోయి రెండు నెలలు పాలు లేవు. తోడు చావకుండా నేను మళ్లీ గుడ్డలోకి ఎక్కించి దాచాను. ఆ రెండు నెలల్లో ఆయన కడుపు మళ్లీ బిగిసింది, ఆముదం సీసా మళ్లీ దిగింది. బర్రె ఈని, పాలు వచ్చి, పెరుగు మొదలైనాక కూడా ఒక్కరోజులో బాగుకాలేదు. వారం, పది రోజులు పట్టింది. తిన్నన్నాళ్లే దాని గుణం. మానితే కడుపు మరిచిపోతుంది.

అట్లా పదేండ్లు గడిచాయి. తొంభై దాటినాక అత్తకు ఉబ్బరం ఎక్కువై మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాను. చిన్న వయసు డాక్టరమ్మ. పొట్ట నొక్కి చూసి ఏం తింటావని అడిగింది. అత్త తన గురిగి సంగతి మొదలుపెట్టింది.

"నా పెరుగు తినే నా కొడుక్కు ఆముదం బందయ్యింది, డాక్టరమ్మా. మరి నాకే ఎందుకు ఉబ్బుతది?"

డాక్టరమ్మ నవ్వింది. "అందరి కడుపు ఒక్కతీరుగ ఉండదు అవ్వా. పెరుగుల కంటికి కనపడని జీవాలుంటయి. పాలల్ల ఉన్న చక్కెరను అవి కొంత ముందుగాలనే తింటయి, అందుకే పాలు వడనోళ్లకు గూడ పెరుగు వడుతది. మంచిగున్న మనిషికి కొందరికి దొడ్డికి సాఫీగ అయితది, కొందరికి ఏం తేడా తెల్వది. కొత్తగ మొదలువెడితె రెండు మూడు రోజులు కడుపుల గుడగుడ ఉంటది, గాలి వస్తది. దానికి భయపడే పని లేదు."

నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"అవి కడుపులనే ఉండిపోతయా?" అత్త అడిగింది.

"ఉండయి. బస్సెక్కినోళ్ల లెక్క, కొంత దూరం వస్తయి, దిగిపోతయి. అందుకే రోజు తినాలె. మందు గాదది, తిండి. నీ కొడుకుకు నీళ్లు, అంబలి గూడ పనిచేసి ఉంటయి."

అత్త నా దిక్కు తిరిగి, డాక్టరమ్మను అడిగింది.

"అయితె ఎవలింటి తోడైన ఒకటేనా?"

"తోడుకు తోడుకు తేడా ఉంటది. గని గీ ఇంటిది మంచిది, గా ఇంటిది చెడ్డది అని ఉండదు. శుభ్రంగ ఉండాలె, పానంతోని ఉండాలె, అంతె."

తిరుగు బస్సులో కిటికీ పక్క అత్త, ఆమె పక్కన నేను. పగటి ఎండ, బస్సులో జనం తక్కువ. సగం దూరం వచ్చాం. అప్పుడు బయటికి చూస్తూనే అన్నది.

"మా తమ్ముని దినాలకు పోయి వచ్చిననాడు గురిగి పొగ వాసనొచ్చింది."

పదేండ్లు. పదేండ్లు ఆమె రోజూ ఆ గురిగి దించింది, రోజూ నా కండ్లల్లోకి చూసింది.

"ఎందుకు అడుగలే అత్తా?"

"అడిగితె నువ్వు చెప్తువు. చెప్తె నిన్ను పంపాలె. వాడంత ముంగట అన్న మాటాయె."

నాకు ఏడుపొచ్చింది. ఆమె కసిరింది. "ఏడ్వకు, జనం చూస్తాండ్రు. మోత్కూరుదేనా?"

"మోత్కూరుదే."

"పులుపు తక్కువ. గంతే తేడా." కొంగు సర్దుకుని అన్నది. "వానికి చెప్పకు. వాడు నాది అనుకొనే తింటాండు. తిననియ్యి."

ఇంటికి పోయినాక ఆ మాట మళ్లీ మా మధ్య రాలేదు. ఆ సాయంత్రం మాత్రం ఉట్టి దించి, నా చేతిలో చెంచా పెట్టి, తాను పక్కకు జరిగింది. రెండేండ్లకు పోయింది.

ఆమె దినాలు అయిన మరునాడు మా ఆయన కంచం ముందు కూర్చుని, పెరుగు వేస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"గిది మా అమ్మ పెరుగేనా?"

గురిగి జారబోయింది. పట్టుకున్నాను. "మీ అమ్మదే" అన్నాను.

"అమ్మ చెయ్యి ఇంక ఉట్టి మీద ఉన్నట్టే ఉన్నది" అని తిన్నాడు.

అప్పటి నుంచి రోజూ అదే ప్రశ్న. కొన్నాళ్లు మధ్యాహ్నం అయితేనే నాకు గుండె దడ. ఇన్నాళ్లూ నన్ను కాపాడుకోవడానికి ఆడిన అబద్ధం, ఇప్పుడు ఆయన కంచంలో తల్లిని ఉంచడానికి ఆడాల్సి వచ్చింది. నిజం చెప్తే ఆయన రెండోసారి తల్లిని పోగొట్టుకుంటాడని భయం. చెప్పకపోతే, పక్కన పడుకునే మనిషిని రోజూ మోసం చేస్తున్నానని భయం. ఒక వానాకాలం, మగ్గం గుంటలోకి నీళ్లు ఊరి పని ఆగిననాడు, ఇద్దరం వాకిట్లో కూర్చున్నాం. చెప్పేద్దామని నోరు తెరిచాను.

"నీకొక మాట చెప్పాలె."

"చెప్పు."

ఆయన నా దిక్కు తిరిగి, చుట్ట పక్కన పెట్టి కూర్చున్నాడు. ఎంతో సేపటి నుంచి ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నవాడిలా కూర్చున్నాడు. నాకు ధైర్యం పోయింది.

"కండెలకు నూలు అయిపోయింది" అన్నాను.

"గంతేనా?"

"గంతే."

ఆయన చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు.

ఇక చెప్పింది చాలు అనుకున్నాను ఇంతకుముందు. కానీ ఈ పిల్లకు వరసగా చెప్పుకుంటూ వస్తుంటే, ఇన్నేండ్లు నేను విడివిడిగా దాచిపెట్టుకున్నవి ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఆ నాలుగు రోజులూ గురిగి ఉట్టి మీద ఊరికే వేలాడింది. ఆయన ఆ ఇంట్లోనే నేశాడు. తోడు నేనేస్తనని అడిగింది ఆయనే. వాసన ఏందని అడిగింది ఆయనే. ఎలుక చచ్చిందంటే ఏ మగవాడైనా ఎక్కడ అని అడుగుతాడు, తీసి అవతల పారేస్తాడు. ఆయన ఊ అన్నాడు. జరీ కోసమని చెంబు లేకుండా పోయి, ఉత్త చేతులతో వచ్చాడు. ఆ మధ్యాహ్నం దుకాణం నిజంగా మూసి ఉన్నదో లేదో నేను ఎవరినీ అడగలేదు. కడుపు కదిలితే నా పెట్టె బయటపడుతుందని ఆయనకు తెలియదా?

తెలిస్తే, ఆయన రోజూ అడిగింది ఏమిటి? తల్లి మీది ప్రేమతో అడిగాడా? నేను ఎప్పటికైనా నోరు విప్పుతానని రోజుకోసారి తలుపు తెరిచి పెట్టాడా? లేక అది మొగుడూ పెండ్లాల మధ్య ఆడే ఆటా? నాకు మాత్రమే అది ఆట అని తెలియదా? చివరిరోజు నేను తల తిప్పి ఉంటే ఆయన ముఖం కనపడేది. పొయ్యి దిక్కే చూస్తూ జవాబిచ్చాను.

నాకు ఆ గొంతు గుర్తుంది. కానీ నా తలలో ఉన్నంతవరకు అది నా భయంతో కలిసే వినపడుతుంది. వేరే గొంతులో వింటే తెలుస్తుందేమోనని ఆశ. అందుకే ఈ పిల్లను అడుగుతున్నాను.

"రాసుడు ఆపు బిడ్డా. కలం పక్కకు పెట్టు. మొదటికెళ్లి సదువు. పెద్దమ్మ ఏడుస్తదని ఆపకు. గా మొదటి రెండు మాటలు ఉన్నయి చూడు, ఆయన అడిగింది, నేను చెప్పింది. అవి జర మెల్లగ సదువు. సదివి, ఆయన నవ్వుకుంట అడిగినట్టున్నదో, నిజంగనే అడిగినట్టున్నదో, నీకెట్ల అనిపిస్తె గట్ల నాకు చెప్పు. ఊ, సదువు."